షెరిడన్ చాడీలు, ఆస్టెన్ కబుర్లు

ఊసుపోని మాటలన్నిటినీ ఇంగ్లీషులో గాసిప్ అని ఒకే గాటన కట్టేస్తుంటారు. అలా కట్టడం తగదని చూపే రచనలు ఆ భాషలోనే రెండున్నాయి. ఒకటి 1777లో లండన్ డ్రూరీ లేన్‌లో తొలిసారి ఆడిన షెరిడన్ నాటకం ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’. రెండోది 1815 డిసెంబరులో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘ఎమ్మా’.

షెరిడన్ నాటకంలో లేడీ స్నీర్‌వెల్ ఇంట చేరేవాళ్లకు పరులమీద బురద చల్లడమే పని. ఐదో అంకంలో వాళ్లు జరగని ద్వంద్వయుద్ధాన్ని కళ్లారా చూసినట్టు వర్ణిస్తారు. కత్తులని ఒకరు, కాదు పిస్తోళ్లని ఇంకొకరు. తూటా కంచుబొమ్మకు తగిలి, కిటికీలోంచి దూసుకెళ్లి, ఉత్తరం తెస్తున్న పోస్టుమాన్‌ను గాయపరిచిందట! ఇంతలో, గాయపడ్డాడన్న సర్ పీటర్ నిక్షేపంగా నడిచొస్తాడు. అబద్ధం నిలబడాలంటే ఎన్ని వివరాలు కావాలో షెరిడన్‌కు బాగా తెలుసు.

‘ఎమ్మా’లో మిస్ బేట్స్ కూడా వివరాల పుట్టే. ఈమె చనిపోయిన మతాచార్యుడి కూతురు. పెళ్లికాలేదు, ముసలితల్లితో చాలీచాలని రాబడిమీద బతుకుతోంది. కళ్లజోడు మేకు ఊడటం, కాల్చిన ఆపిల్ పళ్లు, చెల్లెలి కూతురు జేన్ రాసిన ఉత్తరం... ఆమె మాటలకు అంతుండదు. అయితే వాటిలో అబద్ధం లేదు, ఎవరికీ హాని లేదు. పైగా, ఊరి మందులవైద్యుడు పెర్రీ బండి కొనాలనుకున్న సంగతి జేన్‌తో సహా కొద్దిమందికే తెలుసని ఆమె యథాలాపంగా అనేస్తుంది. ఆ సంగతి తనకు కలలో వచ్చిందని, ఊరికి వచ్చిన యువకుడు ఫ్రాంక్ అప్పుడే బుకాయించాడు. అతనికీ జేన్‌కూ రహస్యంగా ఉత్తరాలు నడుస్తున్నాయనడానికి అదే ఆధారం. విసుగుతో మిస్ బేట్స్ మాటలు దాటేసిన పాఠకుడికి ఆ ఆధారం దొరకదు.

ఇక్కడే ఆస్టెన్ ఒక మెట్టు పైనుంది. షెరిడన్ తప్పంతా చెప్పేవాళ్లమీద పెట్టి, ప్రేక్షకుణ్ని నవ్వుకోమన్నాడు. ఆస్టెన్ వినేవాళ్లనూ నిలదీసింది. బాక్స్ హిల్ వనవిహారంలో నాయిక ఎమ్మా నలుగురిలో మిస్ బేట్స్ వాగుడును ఎగతాళి చేస్తుంది. పేదరాలిని అలా అవమానించడం తగునా అని కుటుంబ మిత్రుడు నైట్లీ మందలిస్తే ఎమ్మా ఏడుస్తుంది. మర్నాడే మిస్ బేట్స్ ఇంటికి వెళ్తుంది.

చాడీ చెప్పడం ఎంత తప్పో, ఒంటరి మనిషి కబుర్లను చులకన చేయడమూ అంతే తప్పు. మొదటి తప్పు షెరిడన్ చూపాడు. మనం రోజూ చేసే రెండో తప్పును పట్టుకున్నది ఆస్టెనే.