ఓలి ఎడ్లు, కట్నం ఎడ్లు

గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' మేము మొదట చదివింది టీచర్ ట్రైనింగ్ రోజుల్లో. అప్పుడు రాసుకున్న నోట్సు ఇంకా మా దగ్గర ఉంది. పిల్లనిచ్చి డబ్బు పుచ్చుకోవడం దురాచారమనీ, గిరిజనుల్లో దాన్నే ఓలి అంటారనీ అందులో ఒక వాక్యం. పరీక్షలో అదే రాశాం, మార్కులూ వచ్చాయి. సెలవులకు తండాకు వెళ్తే మాత్రం నానమ్మ ముఖం చూడటానికి ఏదోలా అనిపించింది. రెండు ఎడ్లు, కొంత సొమ్ము ఓలి ఇచ్చి తెచ్చుకున్న మనిషి ఆమె. అంటే తాత ఆమెను కొనుక్కున్నాడా?

ఈ మధ్య ఆ నాటకాన్ని మళ్లీ చదివాం. నోట్సులోని ఆ వాక్యం తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తప్పు గురజాడది కాదు. 1897 నాటి మొదటి ముద్రణకు రాసిన పీఠికలో ఆయన ఎవరి గురించి రాస్తున్నాడో స్పష్టంగానే చెప్పాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తీయిస్తే లెక్క 1,034కు చేరింది. వాటిలో ఐదేళ్ల పిల్లలే 99 మంది. దాన్ని తెచ్చి మా ఓలికి అంటగట్టింది తరవాతి నోట్సులు, గైడ్లు.

నాటకంలో డబ్బు నడిచే దారి చూడండి. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని 1,800 రూపాయలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోతాడు. డబ్బు ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి పోతుంది, అంతే. ముట్టిన తర్వాత ఒకరితో ఒకరికి పనిలేదు. పెద్ద కూతురు బుచ్చమ్మ విధవై పుట్టింట్లో కూర్చుంటే, ఆమె పేరున చేతులు మారిన డబ్బు ఆమెకు అండగా ఏమీ నిలబడలేదు. సంతలో గొడ్డును అమ్మినవాడైనా మళ్లీ కనబడితే 'మేత మేస్తోందా' అని అడుగుతాడు. డబ్బు మీదే బతికే మధురవాణికి మాత్రం ఏది బేరమో ఏది కాదో తెలుసు. సుబ్బి పెళ్లి తప్పించడానికి ఆమె చెయ్యి కలిపింది బేరం కోసం కాదు.

మా తండాల్లో సంబంధం కుదిరేటప్పుడు నాయక్ ముందు ఒక్క రూపాయి పెట్టేవారని పెద్దలు చెబుతారు. అందరూ గోళ్, అంటే బెల్లం, పంచుకుని తినేవారు. ఆ రూపాయితో కొనేదేమీ లేదు. అది సాక్షి. ఆ పైన ఓలి. ఎంత ఇచ్చారో తండా అంతటికీ తెలుసు, ఇచ్చినదాంట్లో అన్నదమ్ములదీ మేనమామలదీ చెయ్యి ఉండేది. కాపురం చెడితే ఎంత తిరిగివ్వాలో పంచాయితీలో తేలేది. కాబట్టి ఆలుమగలు పోట్లాడుకుంటే సర్దిచెప్పడానికి పది ఇళ్లవాళ్లు లేచి వచ్చేవారు. డబ్బు చేతులు మారడంతో పని అయిపోయేది కాదు, అక్కడే మొదలయ్యేది.

అలాగని ఓలిని నెత్తిన పెట్టుకోం. మొగుడు నచ్చక వెళ్లిపోదామనుకున్న ఆడమనిషి ముందు ఆ ఓలి తిరిగి కట్టేవాణ్ణి వెతుక్కోవాలి. నానమ్మను నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. ఆమె ఈ సంగతి నవ్వుతూనే చెప్పేది. మేము అప్పట్లో ఆ నవ్వును పట్టించుకోలేదు.

మాకు ఉద్యోగం వచ్చిన ఏడాది మా రేటు మాకు తెలిసింది. వరకట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చిందని మేము చదివే ఉన్నాం. అయినా కాదనలేదు. 'ఓలి అడవి మనుషుల పద్ధతి, కట్నం చదువుకున్నవాళ్ల మర్యాద' అని ఇంట్లో పెద్దలు అంటే అవునేమో అనుకున్నాం. మా మామ ఎడ్లు అమ్మి తెచ్చాడు. తాత ఎడ్లు ఇచ్చి పెళ్లి చేసుకున్నాడు, మేము ఎడ్లు అమ్మించి చేసుకున్నాం. మామ ఇచ్చిన సొమ్ముకు తండాలో సాక్షి లేడు, తిరిగివ్వాలన్న మాట లేదు. అగ్నిహోత్రావధాన్లు బేరం మాదిరే, కాకపోతే ఈసారి అమ్ముడుపోయింది మేము.

ఇది ఎక్కడిదాకా పోతుందో చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. మా రెంటచింతల వైపు నుంచి కృష్ణ దాటితే నల్గొండ జిల్లా. 1999 నుంచి 2001 మధ్య దేవరకొండ ప్రాంతపు తండాల్లో పసి ఆడపిల్లల్ని అమ్ముకున్నారని పేపర్లన్నీ రాశాయి. పేదరికం అన్నారు, నిజమే. కానీ ఆడపిల్ల పుడితే ఓలి వచ్చే ఇంట్లో, ఆడపిల్ల అంటే కట్నం బాకీ అయిన సంగతి ఎంతమంది రాశారు?

ఇప్పుడు మా చుట్టూ మనిషి పేరు అంటుకుని తిరిగే డబ్బు చదివింపుల్లోనే కొంత మిగిలింది. మిరప కోతలై చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళ పెళ్లిళ్లు మొదలవుతాయి. ఆ ఎండలో, పందిరి కింద ఒకాయన నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. ఫలానావారు 116 రూపాయలు అని మైకులో చదువుతారు. ఎవరింట్లో శుభకార్యమైనా ఆ పుస్తకం తీసి చూసి, వాళ్లు పెట్టినదానికి కొంత కలిపి పెడతారు. సరిగ్గా అంతే పెడితే లెక్క తెంచుకున్నట్టు. ఇప్పుడు ఫోన్లో వేసేస్తున్నారు. అదీ పుస్తకంలోకి ఎక్కుతోంది, సంతోషమే. మనిషి రాకుండా డబ్బే రావడం మాత్రం మాకు రుచించదు.

పోయిన ఏడాది ఐదో తరగతి పిల్లల్ని ఇంట్లో ఉన్న చదివింపుల పుస్తకం తెమ్మన్నాం, కూడికలకు పనికొస్తుందని. ఎవరు ఎవరికి ఏమవుతారో పిల్లలు గడగడా చెప్పారు. ఒక పాప పుస్తకమంతా రెండుసార్లు తిరగేసి లేచి నిలబడింది.

"సార్, మిరపకాయలు కోసి ఈ డబ్బులు తెచ్చింది మా అమ్మ. ఇందులో అంతా మా నాన్న పేరే ఉంది."