అలక మొహం

మా మేనకోడలి పుట్టినరోజుకి ఫ్లెక్సీ వేయిద్దామని చింతలపూడిలో ఒక డీటీపీ షాపుకి వెళ్లాను. ఫొటో పక్కన అలిగిన పిల్ల బొమ్మ ఒకటి పెట్టమన్నాను. ఇంట్లో మేనకోడలి పేరే అలకల రాణి. షాపు కుర్రాడు తను దాచుకున్న పసుపు ఎమోజీ మొహాల ఫోల్డరు తెరిచాడు. కోపం ఉంది, ఏడుపు ఉంది, పళ్లికిలించేది ఉంది, నవ్వలేక కళ్లనీళ్లు పెట్టుకునేదీ ఉంది. “ఇందులో ఏది పెట్టమంటారండి?” అన్నాడు. అన్నీ ఉన్నాయి గానీ అలక లేదు.

ఉండదు మరి. ఆ పసుపు మొహాల వంశం 1990లలో జపాన్ ఫోన్లలో మొదలైంది. మన ఇళ్ల గొడవలు వాటికేం తెలుసు? కోపం వచ్చినవాడు ఎదుటివాణ్ణి పొమ్మంటాడు. అలిగినవాడు ఎదుటివాడొచ్చి బతిమాలాలని కూచుంటాడు. పెళ్లిలో అలకపాన్పు అని దానికో తంతు, కూచిపూడి వారికి సత్యభామ పేరుతో ఒక కలాపమే ఉన్నాయి. ఇంత ఘనత ఉన్న మొహం రెడీమేడ్‌గా దొరకదు, గీసుకోవాల్సిందే.

గీయడానికి కావలసిన పాఠం మన నోట్లోనే ఉందని నాకు ఆ రోజే తట్టింది. కన్నెర్ర చేశాడు, గుడ్లురిమాడు, బొమముడి వేశాడు, ముక్కుపుటాలు అదిరాయి, పెదవి విరిచాడు, మూతి ముడిచింది, మూతి మూడు వంకర్లు తిప్పింది, నోరు వెళ్లబెట్టాడు. తెలుగువాడు భావం పేరు చెప్పి ఊరుకోడు, మొహంలో ఏ భాగం కదిలిందో చెబుతాడు. ఆశ్చర్యం గీయమంటే చెయ్యి ఆగిపోతుంది. నోరు వెళ్లబెట్టాడు అంటే ఏ గీత పట్టుకుని కిందికి లాగాలో చెప్పేసినట్టే.

పని మొదలుపెట్టే తీరు తేలికే. కోరల్‌డ్రాలో ఎఫ్7 నొక్కి తలకాయ ఒకటి వేసి, దాన్ని కింది లేయర్‌లో పెట్టి లాక్ చేయాలి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో మీటలు వేరు, పద్ధతి ఇదే. కళ్లు రెండు కోడిగుడ్లు, వాటి మీద నల్లగుడ్లు విడిగా. కనుబొమలకో లేయర్, నోటికో లేయర్. కనుబొమకి ఈ కొసన ఒక నోడ్, ఆ కొసన ఒక నోడ్ చాలు. ఎఫ్10 టూల్‌తో పట్టుకుంటే హ్యాండిళ్లు బయటికొస్తాయి, వాటిని లాగి ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. నోడ్లు పెరిగేకొద్దీ గీత గతుకుల రోడ్డవుతుంది. తర్వాత లాక్ తీసి, మొత్తం బొమ్మని ఎంచుకుని కంట్రోల్ డి కొడుతూ కాపీలు పరుచుకుని, తల ముట్టకుండా కనుబొమా నోరూ మాత్రం మార్చుతూ పోవాలి. 4 రకాల కనుబొమలు, 5 రకాల నోళ్లు కలిపితే 20 మొహాలు. కాగితం మీద చేయి తిరగనివాడు 20 సార్లు గీస్తే 20 మంది మనుషులు తయారవుతారు. ఒకే మనిషి ఇన్ని రకాలుగా ఉండటం ఈ సాఫ్ట్‌వేర్ పెట్టిన భిక్ష.

ఇలా మార్చి మార్చి చూడమన్నది కంప్యూటర్‌వాళ్లు కాదు. స్విట్జర్లాండ్‌లో బడి నడిపిన రొడాల్ఫ్ టోప్ఫర్ 1845లోనే ఈ మాట రాశాడు: ఎంత చేతగాకుండా గీసిన మొహానికైనా ఏదో ఒక భావం ఉండి తీరుతుంది, ఒక్కో గీతా మార్చి ఏమవుతుందో చూడండి అని. భరతుడు ఇంకా ముందే పట్టీ వేసి పెట్టాడు. నాట్యశాస్త్రంలో చూపులు 36, కింది పెదవి కదలికలు 6, కనుబొమల కదలికలు 7. వాటిలో కుంచితం అంటే కనుబొమని కాస్త వంచడం. దొంగకోపానికి అది వాడమన్నాడు. మా మేనకోడలిని ఎప్పుడు చూశాడో మరి!

కనుబొమ లోపలి కొస దిగితే కోపం, అదే కొస లేస్తే దిగులు. ఈ ఒక్క తేడా చేతికి పట్టుబడితే సగం పని అయినట్టే. నమ్మకపోతే కొల్లేటి గూడబాతుని గీయండి. ఆటపాక పక్షుల కేంద్రంలో ఎన్ని గంటలు చూసినా దాని మొహంలో ఏ భావమూ చిక్కదు, కనుబొమలు లేవు కదా. రెండు గీతలు వాలుగా పెట్టండి, చేప జారిపోయిన పెద్దమనిషిలా మండిపడుతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది మిర్రర్ దగ్గర. ఎడమ కనుబొమ గీసి, అద్దంలో తిప్పినట్టు కుడివైపు పెట్టేస్తారు. కోపానికి, ఏడుపుకి అది నడుస్తుంది. అనుమానానికి, వెటకారానికి, పెదవి విరుపుకి నడవదు. వాటిలో వంకరంతా ఒకవైపే ఉంటుంది. నవ్వుదీ ఇలాంటి తిరకాసే. మూతి ఎంత సాగదీసినా కింది రెప్ప కొంచెం పైకి లేవకపోతే అది ఫొటో కోసం నవ్విన నవ్వు. ఫ్రెంచి వైద్యుడు డూషెన్ 1862లో మొహం కండరాలకి కరెంటు పెట్టి మరీ చూసి చెప్పిన సంగతి ఇది.

ఇక గీత. సాఫ్ట్‌వేర్ ఇచ్చే గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు, ఇనప చువ్వలాగా. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గీత చూడండి, ముళ్లపూడి వారి బుడుగుకి వేసిన బొమ్మలైనా సరే: ఒకచోట ఒత్తుగా, ఒకచోట వెంట్రుకంత. ఏలూరులో పుట్టిన మోహన్ పత్రికలకి వేసిన రాజకీయ కార్టూన్లలో గీత ఇంకా దురుసు. ‘కార్టూన్ కబుర్లు’ అని పుస్తకం రాశాడాయన. ఆ జీవం కావాలంటే ఆర్టిస్టిక్ మీడియా టూల్‌తో కొసలు సన్నంగా, నడుము లావుగా చేసుకోవాలి. పెన్ టాబ్లెట్ ఉంటే మరీ మంచిది. మౌస్‌తో పనిచేసేవాళ్లకి నా సలహా, కనీసం కనుబొమల వరకైనా ఈ శ్రమ పడండి. ఎవరి మొహం చూసి నేర్చుకోవాలంటే నేను హాస్యనటుడు రేలంగి పేరు చెబుతాను. తాడేపల్లిగూడెంలో తన పేరుతో సినిమా హాలు కట్టిన ఆయన సినిమా ఏదైనా ఆపి ఆపి చూడండి. నోరు ధైర్యం చెబుతుంటే కళ్లు బెదురు చూపిస్తాయి. అలాంటి రెండు ముక్కల మొహమే కార్టూన్‌కి ప్రాణం.

అలక కూడా రెండు ముక్కల మొహమే. షాపులో కుర్రాడూ నేనూ కలిసి కూచున్నాం. కనుబొమలు కోపానివి తీసుకుని సగానికి సగం తగ్గించాం. నోటిని కుదించి, కింది పెదవి కొంచెం ముందుకి తోశాం. బుగ్గల్లో గాలి నింపాం. ముక్కూ నోరూ ఓ పక్కకి జరిపి తల అటు తిప్పాం. అప్పటికీ అది కోపమే, అలక కాలేదు. చివరికి నల్లగుడ్లు రెండూ పట్టుకుని ఇటు మూలకి జరిపాడతను. అంతే, పిల్ల అటు తిరిగి కూచుని, ఎవరైనా వస్తున్నారా అని ఓరకంట ఇటు చూస్తోంది.

“ఇంకాస్త జరపమంటారా అండి?” అన్నాడు.

వద్దన్నాను. ఇంకొక్క వెంట్రుకవాసి జరిగితే దొంగచూపు అయిపోతుంది.