చాదర్: పాదాలకు తెలిసిన విద్య

జనవరిలో జన్‌స్కార్ నది మీద దారి పడుతుంది. నది అంతా ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ముందు ఒడ్డు వెంట నీరు అంచు కడుతుంది. పైనుంచి కొట్టుకొచ్చే మంచు ముక్కలు రాత్రంతా ఆ అంచుకు అతుక్కుంటాయి. తెల్లారేసరికి పలక కాస్త వెడల్పవుతుంది. చాలాచోట్ల నడుమ ప్రవాహం మాత్రం నల్లగా పరుగెడుతూనే ఉంటుంది. ఆ పలకనే లద్దాఖ్‌లో చాదర్ అంటారు. రెండు పక్కలా వందల మీటర్ల నిలువు కొండలు, రాత్రిళ్లు మైనస్ 25, మైనస్ 30 డిగ్రీల చలి, కాలికింద ఎంత మందమో పైకి తెలియని గడ్డ. ఇలాంటి దారి మీద జన్‌స్కారీలకు సాటి రాగలవాళ్లు హిమాలయాల్లో ఇంకెవరూ లేరు.

ఈ దారి సరదా కోసం పుట్టింది కాదు. జన్‌స్కార్ లోయకు పెద్ద ఊరు పదుమ్. కార్గిల్ నుంచి అక్కడికి వెళ్లే రోడ్డు 4,400 మీటర్ల ఎత్తున్న పెన్సి లా కనుమ దాటాలి. శీతాకాలంలో ఆ కనుమ మంచులో కూరుకుపోతుంది. నెలల తరబడి లోయ మూతపడి ఉంటే, లేహ్ వైపు మిగిలే కాలిబాట నది ఒక్కటే ఉండేది. వెనకటి రోజుల్లో జన్‌స్కార్ వెన్నను తోళ్లలో కుట్టి, వీపున మోసుకొచ్చి లేహ్ బజారులో అమ్ముకునేవారని పెద్దలు చెబుతారు. బడి పిల్లలు, బౌద్ధ భిక్షువులు, రోగులు, అప్పట్లో అందరి దారీ అదే.

ఇక నడక. చూడాల్సింది దాన్నే.

ముందు నడిచే జన్‌స్కారీ పాదం పైకెత్తడు. రెండు మోకాళ్లూ కొద్దిగా వంచి, బరువంతా ముందు కాలి మీదికి తెచ్చుకుని, అరికాలు మొత్తం మంచుకు ఆనించి జరుపుతాడు. అడుగులు పొట్టిగా పడతాయి. మన దగ్గర వానాకాలంలో పొలం గట్టు మీద నడిచే రైతు కాలివేళ్లతో మట్టిని పట్టుకుంటాడు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి జారుడునే నడకగా మార్చుకోవాలి. మడమ ముందు ఆనించి దర్జాగా అడుగేసే నగరవాసి మొదటి గంటలోనే నాలుగైదు సార్లు పడతాడు. అతని సామాను మోసే జన్‌స్కారీ మాత్రం పాతిక కిలోల బరువుతో, లేదా చెక్క స్లెడ్జికి తాడు కట్టి లాక్కుంటూ, పాట పాడుకుంటూ అతన్ని దాటి వెళ్లిపోతాడు. కాలికి ఉండేది లేహ్ మోతీ మార్కెట్‌లో దొరికే మామూలు రబ్బరు గమ్‌బూటు. వేలకు వేలు పోసి కొన్న విదేశీ బూట్లు దాని ముందు వెలవెలబోయే దృశ్యం ఆ నది మీద రోజూ కనిపిస్తుంది.

కాళ్ల కంటే గొప్ప పని చేసేది చెవి. జన్‌స్కారీ చేతికర్ర ఊతానికి కాదు, వినడానికి. రెండడుగులకోసారి కర్ర కొనతో కొడతాడు. గట్టిగా, పొడిగా మోగితే ముందుకు సాగుతాడు. డొల్లగా పలికితే ఆగిపోతాడు. కిందికి నీటిమట్టం దిగిపోయి గడ్డ గాలిలో వేలాడుతోందని ఆ మోత చెబుతుంది. అక్కడ వెనక్కి చెయ్యి చాపుతాడు. బారులో ఉన్న ఇరవైమందీ మాట లేకుండా నిలబడిపోతారు. అతను పక్కకు జరిగి మళ్లీ కొడతాడు, మళ్లీ వింటాడు. కొండ అంచుకు ఆనుకుని మూరెడు వెడల్పు పలక దొరికితే, వీపు గోడకు రాసుకుంటూ ఒక్కొక్కరినే దాటిస్తాడు.

రంగు చూసి చదవడం మరో విద్య. అద్దంలా నీలంగా కనిపించే గడ్డ జారుతుంది గానీ బరువు మోస్తుంది. తెల్లగా నురగలా ఉన్నది కాలికి పట్టునిస్తుంది గానీ నమ్మదగింది కాదు. తెల్ల గడ్డ బలాన్ని స్వచ్ఛమైన గడ్డలో దాదాపు సగంగా లెక్కకట్టమని శీతల దేశాల భద్రతా సూచనలు చెబుతాయి. ఆ పుస్తకాలేవీ చదవకుండానే జన్‌స్కారీలు అదే మాట చెబుతారు. కొత్తగా మంచు కురిస్తే కొత్తవాళ్లు సంతోషిస్తారు, కాలు జారదని. గైడ్ మొహం మాత్రం ముడుచుకుంటుంది. ఆ మంచు దుప్పటిలా కప్పి కింది గడ్డను గట్టిపడనివ్వదు, పగుళ్లనూ దాచేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి అతనికి దిగులు. నక్షత్రాలు నిండుగా కనిపించే రాత్రి నేలలోని వేడి ఆకాశానికి పోతుంది, చలి ముదురుతుంది, తెల్లారితే దారి బాగుంటుంది.

పలక అసలే లేకపోతే? కొండ ఎక్కుతారు, చెయ్యి పట్టు దొరికిన రాయి మీదుగా పాకుతారు. అదీ కుదరకపోతే బూట్లు, లాగు విప్పి తలమీద పెట్టుకుని ఆ నీళ్లలోకే దిగుతారు. అవతలికి చేరగానే పాదాలు తుడిచి రుద్ది, పొడి మేజోళ్లు వేసుకుంటారు. ఆ కాసేపట్లో ఆలస్యం చేస్తే వేళ్లు పోతాయి. రాత్రికి గుహ. తిబ్ దగ్గరి గుహ గోడలు తరాల పొగకు నల్లబారి ఉన్నాయి. ఒడ్డున చిక్కిన పుల్లలతో మంట వేసి, సత్తుపిండి, వెన్న టీతో రాత్రి గడిపేవారు.

ఈ విద్యను కళ్లారా చూసి మైమరచిన బయటివాళ్లు కొందరున్నారు. ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ క్రౌడెన్ 1976-77 శీతాకాలం జన్‌స్కార్‌లో గడిపి ఈ నది మీద నడిచాడు. ఆ అనుభవాన్ని నాలుగు దశాబ్దాలు మనసులో మోసి 2020లో పుస్తకంగా తెచ్చాడు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఒలివియె ఫోల్మి 1980ల చివర్లో పిల్లల్ని బడికి చేర్చే నడకలో తోడు వెళ్లి తీసిన చిత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. 2011లో బీబీసీ 'హ్యూమన్ ప్లానెట్' నదుల భాగంలో ఒక తండ్రి తన పిల్లల్ని లేహ్ హాస్టల్లో చేర్చడానికి ఈ మంచు మీదే నడిపించుకెళ్లాడు. పర్వతారోహణ పతకాలు ఇచ్చేవాళ్ల కంటికి ఆ తండ్రి ఆనలేదు. శిఖరం ఎక్కినవాడికి సన్మానం, పిల్లల్ని భుజాన వేసుకుని పగిలే నది దాటించినవాడికి కూలి డబ్బులు. ఇదెక్కడి న్యాయం?

ఇప్పుడు ఆ నది మీద జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. 'చాదర్ అనుభవం' పేరిట ఒకటి రెండు రాత్రుల ప్యాకేజీలు అమ్ముతున్నారు. వాహనంలో గడ్డ దాకా తీసుకెళ్లి, కాసేపు నడిపించి, గడ్డకట్టే నీటిలో మునిగితేలే రీలు తీయించి వెనక్కి పంపేస్తారు. గుంపు తర్వాత గుంపు. ఒకే పలక మీద వందలమంది, గుడారాల చుట్టూ ప్లాస్టిక్, మలమూత్రాలు. కరిగాక అదంతా కలిసేది నిమ్ము దగ్గర సింధులోనే. అందరి బూట్లకూ ఇనుప ముళ్లు తొడిగి, ఇక భయం లేదు పదండి అంటున్నారు. నిటారు మంచు వాలు మీద ముళ్లకు తిరుగులేదు, కాదనం. అయితే డొల్ల పలకను ముళ్లు పసిగట్టలేవు. పలక ఎక్కడ డొల్లో చెప్పేది కర్ర, ఆ మోత వినే మనిషి. ఆ మనిషినే వెనక్కి నెట్టి, ఎవరో ఎక్కడినుంచో తెచ్చిన కుర్రాణ్ణి ముందు నడిపిస్తే అది చాదర్ ఎలా అవుతుంది?

లోయకు కొత్త రోడ్డూ వచ్చింది. 298 కిలోమీటర్ల నిమ్ము-పదుమ్-దార్చా దారిని కలిపే పని 2024 మార్చిలో పూర్తయింది. షింకు లా కనుమ కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి అదే ఏడాది జూలైలో తొలి పేలుడు జరిగింది. ఆగస్టులో జన్‌స్కార్‌ను జిల్లాగా ప్రకటించారు. పురిటి నొప్పులు పడుతున్న తల్లిని మంచు మీద మోసుకెళ్లాల్సిన అవసరం తప్పుతున్నందుకు ఎవరైనా సంతోషించాల్సిందే. కానీ రోడ్డు వేసిన చోటల్లా మంచు మీది దారి కొంచెం కొంచెంగా పొట్టిదవుతోంది, చిల్లింగ్ ఊరి దగ్గర మొదలయ్యే నడక పైపైకి జరిగిపోయింది. కొత్త తరానికి కర్ర మోత నేర్చుకోవాల్సిన అగత్యం పోతోంది. తాత చెవిలో ఉన్నది మనవడికి అందకపోతే దాన్ని తిరిగి తెచ్చే పుస్తకం ఏదీ లేదు.

ఏటా సంక్రాంతి సెలవులు కలుపుకుని తెలుగు కుర్రాళ్లూ అక్కడికి బయల్దేరుతున్నారు. వెళ్లేవాళ్లు 11,500 అడుగుల లేహ్‌లో మూడు రోజులు ఆగి, వైద్య పరీక్ష చేయించుకుని మరీ కదలాలి. అంతకంటే ముందు, డబ్బు కట్టే రోజునే నిర్వాహకుణ్ణి అడగండి: ముందు నడిచేది జన్‌స్కార్ ఊళ్ల మనిషేనా? అతనికి కూలి ఎంత ఇస్తున్నారు? అతను వద్దన్న రోజు నడక ఆపేస్తారా? సూటిగా జవాబు రాకపోతే వేరేచోట చూసుకోండి. లేహ్‌లోని విద్యాసంస్థలు, పర్వతారోహణ శిక్షణాలయాలు ముసలి నడకగాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల కర్ర మోతలను, గుహల పేర్లను, మంచు రకాలను వీడియోలో నమోదు చేయాలి. వాళ్లను గురువులుగా జీతమిచ్చి పెట్టుకోవాలి. అది ఈ చలికాలమే మొదలుకావాలి, ఆ మోత ఇంకా వినగలిగినవాళ్లు నది మీద ఉండగానే.