ఆరు నిమిషాల ఫోను

ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని సినిమా ‘ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్’. 1976లో అలన్ పకూలా తీశాడు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దించిన వాటర్‌గేట్ దొంగతనం గుట్టు బయటికి లాగిన వాషింగ్టన్ పోస్ట్ కుర్ర విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌ల కథ ఇది. రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, డస్టిన్ హాఫ్‌మన్ ఆ పాత్రలు వేశారు. పాటల్లేవు, ఫైట్లు లేవు. ఇద్దరూ ఫోన్లు చేస్తారు, తలుపులు కొడతారు, రాసుకుంటారు. జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి పల్లెల్లో వార్తల కోసం తిరిగే మా బతుకూ అదే.

అందులో ఒక సీను ఉంది. వాటర్‌గేట్ దొంగల్లో ఒకడి ఖాతాలో పడ్డ 25 వేల డాలర్ల చెక్కు మీద కెన్నెత్ డాల్‌బర్గ్ పేరుంటుంది. ఆయన నిక్సన్ ఎన్నికల నిధులు వసూలు చేసే పెద్దమనిషి. వుడ్‌వర్డ్ ఆయనకు ఫోన్ చేస్తాడు. ఆరు నిమిషాలు కెమెరా కట్ కాదు. మెల్లగా మొహం మీదికి జరుగుతూ ఉంటుంది. వుడ్‌వర్డ్ గద్దించడు, బెదిరించడు. ప్రశ్న వేసి ఊరుకుంటాడు, అంతే. ఆ మౌనం భరించలేక అవతలి మనిషే మాట్లాడతాడు. ఇంటర్వ్యూ చేయడం నేను ఇక్కడే నేర్చుకున్నాను.

ఇంకోచోట బెర్న్‌స్టీన్ ఎన్నికల కమిటీ లెక్కలు రాసే ఆవిడ ఇంట్లోకి వెళ్లి, కాఫీ తాగుతూ నిమ్మళంగా కూర్చుంటాడు. మా దగ్గర కాఫీ బదులు ‘అవ్వా, జర మంచినీళ్లియ్యి’ అంటే చాలు. చెంబు చేతికొచ్చేసరికి మంచం వాల్చి ఉంటుంది, మాట మొదలై ఉంటుంది.

ఈ పని మా గడ్డకు కొత్త కాదు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి అనే పల్లె నుంచి 1922 ఆగస్టు 27న ‘తెనుగు పత్రిక’ వెలువడింది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు సొంత అచ్చుయంత్రం పెట్టుకుని నడిపారు. నిజాం ఏలుబడిలో, ఉర్దూ రాజ్యమేలుతున్న రోజుల్లో, ఒక పల్లెటూళ్లో తెలుగు పత్రిక! తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇంకో ముచ్చట. నిక్సన్ గద్దె దిగింది 1974 ఆగస్టు 9న. విశాఖలో ‘ఈనాడు’ మొదటి సంచిక వచ్చింది ఆ మర్నాడే.

సినిమాలో నాకు మరీ ఇష్టమైంది, ఆ ఇద్దరూ పొరపడటం. నిక్సన్ ముఖ్య అనుచరుడు హాల్డెమన్ గురించి రాసిన వార్తలో సాక్ష్యం సంగతి తప్పుతుంది. దర్శకుడు దాన్ని దాచలేదు. నేనూ ఒకసారి జనగామ దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదం వార్తలో, ఎవరో ఫోన్లో చెప్పిన మాట పట్టుకుని, బతికున్న మనిషిని చనిపోయినవాళ్లలో కలిపేశాను. తెల్లారి వాళ్లింటికెళ్లి గడప దగ్గర నిలబడ్డ ఆ క్షణం మర్చిపోలేను.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగినప్పుడు దేశమంతా భూపాలపల్లి వైపు చూసింది. ఆ తప్పు నాకు నేర్పింది ఒకటే: అంత పెద్ద వార్తకైనా, మా మండలంలో భూమి తగాదాకైనా, వెళ్లాలి, చూడాలి, రెండో మనిషిని అడగాలి.

మొన్న ఒక అవ్వ పాలిథిన్ కవర్లో చుట్టిన పాసుబుక్కు పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. నేను రాసుకున్న సర్వే నంబరు పైకి చదివి వినిపించాను.

‘అట్ల కాదు బిడ్డా, చివర ఏడు’ అంది.

పుస్తకం మళ్లీ తెరిచాను. ఏడే.