వంతుల రాజరికము

ఒక యొరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పుదురు. తొమ్మండుగురు వంశపారంపర్య ప్రభువులను ఒకే రాజ్యాంగములో ఇమిడ్చి, వారిలో నొకరిని అయిదేండ్లకొకమారు దేశమునకు రాజుగా నెన్నుకొను ఏర్పాటు మన సముద్రమున కావలి దిక్కున 1957 నుండి నడచుచున్నది. ఆ దేశము నాడు మలయా, 1963 నుండి మలేషియా. అచ్చట రాజు కలడు. కాని ఆయన పదవికి గడువు కలదు. రాష్ట్రములు కలవు, వానిలో కొన్నింటికి సింహాసనములు కలవు, కొన్నింటికి లేవు. ఇట్టి ప్రభుత్వమును సమాఖ్య రాజరికమందురు. దీనిని వింతయని నవ్వువారును, ఆదర్శమని పొగడువారును కలరు. రెండును తొందరపాటు తీర్పులే. రాజ్యాంగమును గూడ ఒక గ్రంథము వలెనే చదివి, అది చెప్పినదేమి, చేసినదేమి యని విమర్శించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

వాడరేవు తీరముననున్న చదువరులకు ఈ దూరదేశపు ప్రసంగమేలయని యడుగవచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి వేలకొలది తెలుగు కుటుంబములు, ముఖ్యముగా విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములవారు, కంగాణీల వెంట రబ్బరు తోటలకును కొబ్బరి తోటలకును ఆ దేశమునకు పోయిరి. వారి సంతతివారు నేడచ్చట పౌరులు. 1955లో వారు స్థాపించుకొన్న సంఘము నేటికిని పనిచేయుచున్నది. అదియొక కారణము. రెండవది, ఏలువారి చేతికి హద్దు ఎవరు గీయవలెనను ప్రశ్న మన తీరమునకు క్రొత్తది కాదు. వాడరేవునకు నైరృతి దిక్కున, ఇదే తీరమున, మోటుపల్లి కలదు. ప్రక్కనే చీరాల కలదు. ఈ రెండూళ్లును ఆ ప్రశ్నకు రెండు వేర్వేరు సమాధానములు చెప్పినవి. వానిని సందర్భము వచ్చినపుడు స్మరింతుము.

ముందుగా ఆ యేర్పాటు ఎట్టిదో చూతము. బ్రిటిషువారు వెడలిపోవుటకు ముందు, 1956లో, రీడ్ ప్రభువు అధ్యక్షతన రాజ్యాంగ సంఘమొకటి యేర్పడెను. అందు బ్రిటన్, ఆస్ట్రేలియా, పాకిస్తాను దేశములవారితోపాటు మన దేశమునుండి అలహాబాదు హైకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి బి. మాలిక్ సభ్యుడు. ఇప్పుడు దేశమున 13 రాష్ట్రములు కలవు. తొమ్మిదింటికి వంశపారంపర్య ప్రభువులు. పెనాంగు, మలక్కా, సబా, సరవాక్ అను నాలుగింటికి నియమితులైన గవర్నరులు. ఈ పదుముగ్గురును కలిసినది పాలకుల సభ. దేశరాజును ఎన్నుకొనునపుడు మాత్రము గవర్నరులకు వోటు లేదు. తొమ్మండుగురు ప్రభువులు రహస్యముగా వోటు వేయుదురు. కనీసము అయిదు వోట్లు వచ్చినవారు యాంగ్ ది పెర్తువాన్ అగోంగ్ అను బిరుదుతో దేశమునకు రాజగుదురు. వంతుల క్రమము స్థిరపడినది గనుక ఎన్నిక సాధారణముగా ఆ క్రమముననే జరుగును. అందుచేతనే కెడా సుల్తాను అబ్దుల్ హలీం 1970లో ఒకమారు, 2011లో మరియొకమారు రాజు కాగలిగెను. దేశరాజుగా నున్నంతకాలము ఆయన స్వరాష్ట్రమున ప్రభుత్వము నడపరాదు. మతాధిపత్యము తప్ప తక్కిన పనులను ప్రతినిధి చేయవలెను. 2024 జనవరి 31 నుండి జొహోరు సుల్తాను ఇబ్రహీం ఈ పదవియందున్నారు.

ఇందు మెచ్చదగినది స్పష్టము. తొమ్మిది గృహములలో ఏ యొక్కటియు తక్కిన యెనిమిదింటిపై శాశ్వతముగా కూర్చుండ వీలులేదు. సింహాసనము దిగిపోవలసిన దినము ఎక్కిన దినముననే తెలిసియుండును. రాజ్యాంగము 40వ అధికరణము ప్రకారము రాజు మంత్రిమండలి సలహాపై నడువవలెను. ప్రధానమంత్రి నియామకము, శాసనసభను రద్దుచేయుమన్న కోరికను నిరాకరించుట వంటి కొలది విషయములలోనే ఆయనకు స్వంత విచక్షణ కలదు. ఎన్నికలలో ఒక కూటమికి స్పష్టమైన బలము వచ్చినంతకాలము ఈ విచక్షణ పెట్టెలో దాచిన నగవలె నుండెను. 2020 తరువాత అది వెలుపలికి వచ్చినది. ఆ సంవత్సరము అక్టోబరులో ప్రధానమంత్రి అత్యవసర పరిస్థితిని ప్రకటింపగోరగా, రాజు తక్కిన ప్రభువులతో ఆలోచించి, అక్కరలేదనెను. 2021 జనవరిలో అదే కోరికను అంగీకరించెను. 2022 నవంబరు ఎన్నికలలో ఎవ్వరికిని ఆధిక్యము రాకపోగా, అయిదు దినముల చర్చల పిదప ఆయనే అన్వర్ ఇబ్రహీమును ప్రధానిగా నియమించెను. ప్రతినిధులు తమలో తాము తెగని కలహమున నున్నపుడు మధ్యవర్తి యొకడు ఉండుట మేలే. కాని మధ్యవర్తి ప్రాముఖ్యము పెరుగుచున్నదనగా ప్రతినిధుల బలము తరుగుచున్నదని గూడ అర్థము. ఈ రెండవ మాటను పొగడువారు మరచుచున్నారు.

ఇక మోటుపల్లి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అచ్చట అభయశాసనమును చెక్కించెను. తుపానునకు దారితప్పి ఒడ్డునబడిన నావల సరకును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాను అట్లుచేయక, నిర్ణయించిన సుంకము మాత్రమే, 30వ వంతు, పుచ్చుకొందుననియు అందు మాట యిచ్చెను. 1358లో అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల శాసనము వేయించెను. ఆ మాటలోని ఔదార్యమును మేము తక్కువ చేయము. కాని అది రాజు తనంతట తాను గీసికొన్న గీత. దానిని దాటినచో అడుగువాడెవడు? ఒక వంశము ఇచ్చిన యభయమును మరియొక వంశము మరల ఈయవలసివచ్చుటయే, రాతిపై చెక్కినను అది ఎంత సన్ననిదో తెలుపుచున్నది.

మలేషియా రాజ్యాంగము ఈ విషయమున శిలాశాసనమును మించినది. రాజు సంతకము చేయక బిల్లును నిలిపివేయు వివాదము 1983లో చెలరేగెను. చివరకు 1994 సవరణము ప్రకారము, 30 దినములలో సంతకము పెట్టకున్నను బిల్లు శాసనమగును. 1993లో, ప్రభువుల వ్యక్తిగత చర్యలపై వ్యాజ్యములు వినుటకు ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పిరి. అయినను ఇందొక చిక్కు కలదు. ప్రభువుపై వ్యాజ్యము వేయగోరు పౌరునకు అటార్నీ జనరల్ అనుమతి కావలెను. ఆ యధికారిని నియమించువాడు రాజే, ప్రధాని సలహాపై. తలుపు తెరచిరి గాని తాళపుచెవిని ఇంటివారియొద్దనే యుంచిరి.

రాజరికపు భాగము ఇట్లుండగా, సమాఖ్యపు భాగమును పరీక్షింతము. మా యభిప్రాయమున ఈ గ్రంథముయొక్క బలహీనమైన యధ్యాయము ఇదియే. భూమి, అడవులు, ముస్లిముల మతధర్మము, స్థానిక పరిపాలన రాష్ట్రములవి. రక్షణ, విద్య, ప్రధానమైన పన్నులు కేంద్రమువి. భూమి నిచ్చి బొక్కసమును తీసికొన్నట్లయినది. రాష్ట్రముల పక్షమున మాటాడుటకు ఎగువసభ యొకటి యేర్పడెను. 1957లో అందు 38 మంది: 22 మంది రాష్ట్రములు పంపినవారు, 16 మంది నియమితులు. నేడు 70 మంది: 26 మంది రాష్ట్రములు పంపినవారు, 44 మంది నియమితులు. సభ పేరు మారలేదు. కొలువుదీరు తీరు మారలేదు. కాని త్రాసు తలక్రిందులైనది. నియామకము రాజు పేర జరుగును, సలహా ప్రధానిది. కిరీటముయొక్క నీడలో మంత్రిమండలి బలపడుట కింతకంటె నిదర్శనము అక్కరలేదు. చదువరులు ఇందు గమనింపవలసినదేమన, సమాఖ్య రాజరికమున భయపడవలసినది ఎల్లప్పుడును రాజునకే కాదు. రాజు పేర పనిచేయు చేతికి.

మన దేశమునకును ఇట్టి ప్రభుత్వము తప్పిపోయినదన్న సంగతి ఇచ్చట స్మరింపదగును. 1935 చట్టము బ్రిటిషు ఇండియా రాష్ట్రములను, సంస్థానములను కలిపి చక్రవర్తి క్రింద సమాఖ్యను సంకల్పించెను. దిగువసభలో 375 స్థానములకు 125, ఎగువసభలో 260 స్థానములకు 104 సంస్థానములవి. వానిని నింపువారు ప్రజలు కారు, ప్రభువులు. చాలినన్ని సంస్థానములు చేరనందున ఆ భాగము అమలులోనికి రాకయే 1939లో యుద్ధము రాగా ఆగిపోయెను. వచ్చియున్నచో గుంటూరు రైతు వోటువేసి ప్రతినిధిని పంపును. కృష్ణ దాటిన నల్లగొండ రైతు పక్షమున నిజాము పంపినవాడు కూర్చుండును. భాష యొకటి, పంట యొకటి, నది యొకటి. పౌరత్వము మాత్రము రెండు. మలేషియా ఈ దోషమును తొలగించుకొన్నది: అచ్చట సుల్తానుల రాష్ట్రములలోను ప్రజలే శాసనసభలను, పార్లమెంటు దిగువసభను ఎన్నుకొందురు. ఈ యొక్క గుణముచేతనే అది 1935 నాటి చిత్తుప్రతికంటె ఎన్నో రెట్లు మేలు.

అయినను ఆ ప్రజల వోటు ఊరి గుమ్మము దగ్గర ఆగిపోవుచున్నది. పురపాలక సభల కెన్నికలు 1965లో నిలిపివేయబడెను. 1976 నాటి స్థానిక పరిపాలన చట్టముతో ఆ పద్ధతియే పోయెను. అథి నహప్పన్ అధ్యక్షతన నియమింపబడిన విచారణ సంఘము ఎన్నికలు ఉండవలెననియే సూచించినను ప్రభుత్వము వినలేదు. నేడు పట్టణ సభ్యులను నియమించునది రాష్ట్ర ప్రభుత్వము, రాజధానికి కేంద్రము. వీధి దీపమునకు, మురుగుకాలువకు, ఇంటిపన్నునకు బాధ్యుడైనవానిని ఇంటివారు ఎన్నుకొనలేరు. ఇచ్చట చీరాల గుర్తుకు రాక మానదు. తమ యిష్టమును లెక్కింపక నెత్తిన పెట్టిన పురపాలక సంఘమునకు పన్ను కట్టమని, 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరున పదకొండు నెలలు పాకలలో నుండిరి. ఆ యిల్లాండ్రు పసిబిడ్డలతో ఎండకు వానకు ఓర్చినది సామ్రాజ్యపు సిద్ధాంతముకొరకు కాదు. తమ యూరి పన్నును తమ్ముడుగకుండ వేయరాదను నియమముకొరకు. రాజ్యపు గొప్పతనమును పైనుండి గాక ఈ క్రిందిమెట్టునుండి కొలువవలెనని వారు నేర్పిరి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, పౌరత్వము. స్వాతంత్ర్యమునకు ముందు వచ్చిన తోటకూలి పౌరుడు కావలెనన్నచో నిర్ణీతకాలపు నివాసమును చూపి, మలయు భాష కొంత వచ్చునని నిరూపించి, పేరు నమోదు చేయించుకొనవలెను. చదువురాని వారనేకులకు ఆ కాగితము విలువ తెలియలేదు. 1969లో పౌరులు కానివారు పనిచేయుటకు అనుమతి చీటీ కావలెనన్న విధి వచ్చినపుడు, పుట్టినది మొదలు రబ్బరుపాలు తీసినవారు గూడ పరదేశులైరి. వేలకొలది భారతీయులు దేశము విడిచిరి. స్త్రీల గతి మరియు చింతనీయము. తొమ్మిది సింహాసనములును పురుష వారసులకే. మోటుపల్లి శాసనకర్త మాత్రము ఏడు వందల యేండ్ల క్రిందటనే కుమార్తె రుద్రమదేవికి రాజ్యమిచ్చెను. విదేశమున ప్రసవించిన బిడ్డకు తండ్రివలన పౌరత్వము సంక్రమించును గాని తల్లివలన సంక్రమింపదని మూలగ్రంథము చెప్పెను. ఈ దోషమును దిద్దు సవరణమును 2024 అక్టోబరులో దిగువసభ ఆమోదించెను. అందే, శాశ్వత నివాసులకు ఆ దేశమున పుట్టిన బిడ్డలకు సహజముగా వచ్చు పౌరత్వమును తీసివేసిరి. తల్లి కిచ్చి, కూలివాని మనుమని వద్ద పుచ్చుకొన్నట్లయినది. పౌరత్వపు అధికరణములు పాలకుల సభ సమ్మతి లేక మారవు. కనుక ఈ లెక్కలో మంత్రులతోపాటు ప్రభువులకును బాధ్యత కలదు.

మా తీర్పు ఇది. రాజును నియమముతో బంధించుటలో ఈ రాజ్యాంగము నేర్పరి. వంతుల యేర్పాటు, గడువు, ముప్పది దినముల నియమము ఇతర దేశములు నేర్చుకొనదగినవి. రాష్ట్రములకు నోరిచ్చుటలో అది వెనుకకు నడచినది. ఊరికి వోటిచ్చుటలో విఫలమైనది. ఎవడు పౌరుడను ప్రశ్నలో ఇంకను తడబడుచున్నది. ఎగువసభలో రాష్ట్రముల పాలు తిరిగి ఆధిక్యమునకు వచ్చుట, పట్టణసభల కెన్నికలు పునరుద్ధరింపబడుట, ఆ నేలపై పుట్టిన బిడ్డ పరదేశి గాకుండుట — ఈ మూడును జరిగినచో, తొమ్మిది కత్తులు ఇమిడిన యొరను లోకము నిజముగా మెచ్చుకొనవచ్చును. మన చదువరులు గూడ తమ పంచాయతీ యెన్నిక వాయిదా పడినపుడు, తమ పురపాలక సంఘమును ప్రత్యేకాధికారి యేలుచున్నపుడు, ఈ మూడు కొలతలనే చేతబట్టి చూడవలెనని మా మనవి.