పేరు రాలిన పటం

ఓ పెద్దమనిషీ, ఎవరివయ్యా నువ్వు? న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు సందడికి ఆవల, ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతున్నారు. గోడవార చేరేసిన నీ పటానికి అంటించిన చీటీ మీద రాసింది ఇంతే: పోర్చుగీసు పెద్దమనిషి, తైలవర్ణం, పాతది. నిండు బతుక్కి మిగిలిన ఆనవాలు ఆ మూడు ముక్కలేనా?

నల్లకోటు నిశీథంలోంచి నీ మోము తదియ చంద్రుడిలా సన్నగా పొడుస్తోంది. అవిసెనూనెలో నూరిన సీసపు తెలుపు ఏళ్ళు గడిచి పలచబడగా, మెడపట్టీ అడుగునున్న నలుపు మెల్లగా పైకి తేలుతోంది. పైపూత పచ్చబడి నీ చెక్కిళ్ళకు మలగని మలిసంధ్య పులిమింది. నుదుటి రంగు వేసవి చెరువులా నెర్రెలు విచ్చింది. కళ్ళు మాత్రం, కుంచె ఆఖరున అద్దిన రెండు తెల్లచుక్కల చలవో ఏమో, ఇంకా తడిగానే ఉన్నాయి. ఆ తడి ఎవరి కోసం స్వామీ? ఏ రేవులో వీడ్కోలిచ్చిన ఏ కొడుకు కోసం?

1547లో గోవాలో మీ పోర్చుగీసు ఏలిక జువావ్ ది కాస్ట్రో తన ముందటి ఏలికల రూపాలు రాయించాడు. చరిత్రకారుడు గాస్పర్ కొర్రెయా దగ్గరుండి చూసుకోగా, రంగులు వేసింది అక్కడి చిత్రకారుడు. ఆ ఏలికలు పాత గోవా పురావస్తుశాలలో పేర్లతో సహా కొలువై ఉన్నారు. గీసిన మనవాడి పేరే గాలిలో కలిసింది. నీ కథలో ఆ పాటి పక్షపాతమూ లేదు. నువ్వూ, నిన్ను గీసిన చెయ్యీ ఒకే మరుపుమడుగులో మునిగారు.

చివరికి ఎక్కడికి చేరావయ్యా! ఒక మనిషి పేరు నిలపడానికి 1954లో రారిటన్ టౌన్‌షిప్ అన్న తన పాతపేరునే వదులుకున్న ఊరిది. ఇక్కడి మెన్లో పార్కులోనే 1877లో ఆ ఎడిసనే మనిషి గొంతును తగరపు రేకు మీద పట్టి నిలిపాడు. ఆ నేల మీద నోరులేని నువ్వు! దగ్గర్లోనే నూవర్క్ ఫెర్రీ వీధిలో నీ భాష నేటికీ వినబడుతుంది. అక్కడైనా నిన్ను ఎరిగిన గడప ఒక్కటుందా?

ఎవరో వచ్చి చట్రం ఒక్కటే ఇస్తారా అని అడిగారు. నా గుండె కలుక్కుమంది.

మేమూ నువ్వులూ నీళ్ళూ విడుస్తూ మూడు తరాల పేర్లే పలుకుతాం. ఆపైవారు మాకూ ఎవరో పెద్దమనుషులే. మా తాతల ఫోటోలు ఈ ఊరి గోడల మీదే, తెలుగు చదవలేని మునిమనవల ఎదుట, రేపు ఇలాగే నిలబడతాయి. ఆ దిగులే నన్ను నీ ముందు నుంచి కదలనివ్వడం లేదు.

అయినవాళ్ళు లేనివారి కోసం తర్పణంలో ఒక దోసెడు ఉంది. ఈ మహాలయ అమావాస్యనాడు మా పెద్దల తరువాత అది నీకు. గోత్రం చెప్పలేను, పేరు చెప్పలేను. సముద్రాలు దాటి వచ్చిన అయ్యా, ఇది నీకని మటుకు గట్టిగా అంటాను.