కారుకి ఇంటిపేరు

మైకేల్ మాన్ 2023లో తీసిన ‘ఫెరారీ’ రేసుల సినిమాగా మామూలుగానే అనిపిస్తుంది. ఇంటిపేరు గురించిన కథగా చూస్తే మాత్రం అందులో మనకి చాలా ఉంది.

కథాకాలం 1957. ఎంజో ఫెరారీ కంపెనీ అప్పుల్లో ఉంది. కొడుకు డీనో అంతకుముందు ఏడాదే 24 ఏళ్ల వయసులో చనిపోయాడు. కంపెనీలో సగం భార్య లారాది, లెక్కలన్నీ ఆమే చూస్తుంది. ఊరి బయట ఇంకో ఇంట్లో లీనా లార్డి, ఎంజోకీ ఆమెకీ పుట్టిన పియెరో. లీనా అడిగేది ఒక్కటే: చర్చిలో పిల్లవాడి కన్ఫర్మేషన్ నాటికి వాడు లార్డియా, ఫెరారీయా? ఇటలీలో 1970 దాకా విడాకుల చట్టమే లేదు. ఎంజో జవాబు దాటేస్తాడు.

తన కార్ల విషయంలో మాత్రం ఆ మనిషికి ఇంత సందిగ్ధం లేదు. ఏది ఫెరారీయో, ఏది కాదో తనే తేల్చాడు. 1960ల చివర్లో వచ్చిన చిన్న స్పోర్ట్స్ కారుకి, పన్నెండు సిలిండర్లు లేవు కనక, ఫెరారీ బ్యాడ్జి ఇవ్వలేదు. ‘డీనో’ అని చనిపోయిన కొడుకు పేరు పెట్టాడు. ఆ వరసలోనే వచ్చిన 308 జీటీ4 అమెరికాలో సరిగ్గా అమ్ముడుపోకపోతే 1976లో దానికి ఫెరారీ బ్యాడ్జి తగిలించారు. అదే బండి, అదే ఇంజను. కొనేవాళ్లకి కావలసింది ఇంటిపేరు! పాత డీనోలకి ఫెరారీ బ్యాడ్జి సొంతంగా అంటించుకునే యజమానులూ ఉన్నారు. కారుకి అంత సులువుగా దొరికిన పేరు కోసం పియెరో 1978లో లారా చనిపోయేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా అదే కంపెనీలో అతను పియెరో లార్డి.

ఆ బ్యాడ్జి మీది గుర్రమైనా ఎంజో సొంతం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పైలట్ ఫ్రాన్చెస్కో బరాకా విమానం మీద ఉండేది. 1923లో అతని తల్లి పావొలీనా, నీ కార్ల మీద పెట్టుకో, అదృష్టం కలిసొస్తుందని తనకి చెప్పిందని ఎంజోయే చెప్పుకున్నాడు. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఇచ్చిన గుర్తు అది. (మెర్సిడెస్ కూడా ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి కూతురి పేరే. ఆ పేరుకి వచ్చిన ప్రతిష్ఠ చూసి 1903లో తండ్రే దాన్ని తన ఇంటిపేరులో కలుపుకున్నాడు.)

సినిమాలో అన్నిటికన్నా బలమైన ఘట్టం లారాది. కంపెనీ నిలబడేందుకు డబ్బు వదులుకుంటూ ఆమె పెట్టే షరతు: నేను బతికుండగా ఆ పిల్లవాడికి ఫెరారీ పేరు ఇవ్వకు. పెనెలోపె క్రూజ్ ఆ మాటని అరవకుండా, దాదాపు అలసటతో అంటుంది. ఇన్నేళ్లు లెక్కలు రాసిన మనిషి చేతిలో మిగిలింది ఆ ఒక్క పేరు మీద అధికారం. దాన్ని ఆమె వాడింది ఇంకో స్త్రీ బిడ్డ మీద. దర్శకుడు ఈ క్రూరత్వాన్ని దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ లారా కంపెనీకి చేసిన పనిని చూపించినప్పుడల్లా దాన్ని భార్య అసూయలోకే లాగాడు. లీనాకి ఆ పేరు ప్రశ్న తప్ప వేరే బతుకే రాయలేదు.

చివర్లో ఎంజో పియెరోని చెయ్యి పట్టుకుని డీనో సమాధి దగ్గరికి తీసుకెళతాడు. తల్లులిద్దరూ ఆ దృశ్యంలో లేరు.